ఆరున్నర కిలోలు

కోరమేనుగుంట సందులో
పాతపేపర్ల జిలానీ
తన స్ప్రింగు త్రాసు కొక్కేనికి నా సంచి తగిలించాడు.
ముల్లు పదకొండు దాటి, కాసేపు వణికి, నిలబడింది.
"మూడు దినాలకా సార్ ఇది,
మూడు తరాలకా?"

ఇంటికొచ్చి చాపమీద బోర్లించాను.
ప్రతి 'ఒకవేళ'కూ ఒక వస్తువు పెట్టుకున్నాను:
ఒకవేళ వాన, ఒకవేళ జ్వరం,
ఒకవేళ టార్చి ఆరిపోతే ఇంకో టార్చి,
ఒకవేళ కొండమీద ఎవరైనా పెద్దమనిషి ఎదురైతే
ఇస్త్రీ చొక్కా.
సుబ్బరత్న గడపలో నిలబడి నవ్వింది.
ఇస్త్రీ చొక్కా తనంతట తనే లేచి బీరువాలోకి పోయింది.

సబ్బు సగానికి కోశాను.
పళ్ళ బ్రష్షు కాడ విరిచాను,
దానిమీద ఎన్నాళ్ళ కోపమో ఉన్నట్టు.
దుప్పటి లాక్కుని తన పాత నూలుచీర ఇచ్చింది:
"కప్పుకో. తడిస్తే గంటలో ఆరతాది.
కాలు బెణికితే చించి కట్టుకో,
నన్నేం అడగబన్లేదు."

తిండి మాత్రం తగ్గించలేదు.
బియ్యం, చింతపండు, ఉప్పూ కారం కలిపిన పొట్లం,
వేయించిన చెనిగ్గింజలు, బెల్లం అచ్చు.
తిండి బరువు మంచి బరువు,
పూటపూటకూ వీపుమీంచి కడుపులోకి మారిపోతుంది.

మళ్ళీ తూకం. ఆరున్నర.
జిలానీ ఈసారి సంచిని
నిద్రపోయిన పిల్లను దించినట్టు దించాడు.

మామండూరు గేటు దగ్గర అనుమతి చీటీ చూపించి
చెంగయ్య వెనక నడిచాం నలుగురం.
చెంగయ్యకు సంచే లేదు.
పంచె మడతలో అగ్గిపెట్టె, నడుముకు కత్తి,
తుండు కొసన ముడేసిన రెండు గుప్పిళ్ళ అటుకులు.
"అంతేనా?" అన్నాను.
"మిగతాదంతా ఈడనే పెట్టుండాను."

మొదటి రోజు ఎర్రచందనాల మధ్య ఎండ.
రెండో రోజు రాయి, రాయి మీద రాయి.
సెల దాటేటప్పుడు సంచి తలమీద, నీళ్ళు గొంతుదాకా,
అప్పుడు తెలిసింది
విరిచి పారేసిన బ్రష్షు కాడ బరువెంతో.

మధ్యాన్నం చెంగయ్య ఆగి చెవి నిక్కించాడు.
"ఎవురి దగ్గరో గలగలంటా ఉండాది."
అడుగు జేబులో చెయ్యి పెట్టకముందే నాకు తెలుసు.

తాళంచెవుల గుత్తి.
తేరువీధిలో నా ఫొటో స్టూడియోవి:
షట్టరుకు రెండు, చీకటిగదికి ఒకటి,
దేనిదో గుర్తులేనిది ఒకటి.
స్టూడియో మూసి ఏడాదిన్నర.
అక్కడిప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు,
షట్టరుకు కొత్త తాళం.
చాపమీద దీన్ని చూడక కాదు.
జిలానీ తూచేటప్పుడు చొక్కా జేబులో దాచుకున్నాను.
ఆరున్నరలో ఇది లేదు.

చీర కొంగు చింపి గుత్తికి చుట్టాను.
అడవి మళ్ళీ నిశ్శబ్దమైంది.
నేనే ఇంకా వింటూ నడిచాను.

రాత్రి గుండం పక్కన మకాం.
ఎలుగ్గొడ్డు తిరిగే చోటు, తిండి కొమ్మకు వేలాడదీయాలి.
ఎంత విసిరినా తాడు కొమ్మను అందుకోదు,
కొసకు బరువు కావాలి.
గుడ్డ విప్పి గుత్తి కట్టి విసిరాను.
అది గలగలమని ఎగిరి, కొమ్మ దాటి,
వెన్నెల్లో ఊగుతూ నా మొహం ముందుకు దిగింది.
చూశారా, అన్నట్టు నిలబడ్డాను.

పొయ్యిలో పుల్ల సర్దుతూ చెంగయ్య అన్నాడు:
"ఈ కొండలో రాళ్ళకేమన్నా కరువా సామీ?"

నిజమే.
రాయయితే పొద్దున అక్కడే వదిలేసి రావచ్చు.

నాలుగోరోజు బస్సు దిగి
ఇంటికి పోకుండా సందులోకి తిరిగాను.
సంచి మూడుంబావు తూగింది.
"బాగా తిన్నారు సార్."
దాన్ని దించి, కొక్కేనికి గుత్తి ఒక్కటే తగిలించాను.
ముల్లు కదల్లేదు.

జిలానీ కళ్ళద్దాలు పైకి జరిపి
ఇనుమా, ఇత్తడా అని గోటితో గీకి చూశాడు.
"అమ్మేదా సార్,
ఊరికే చూపించేదానికా?"